పదిహేను నుంచి సున్నా దాకా: పాలీమయాల్జియాతో నా నాలుగేళ్ళు

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. మొదటి పేజీలో పైన తేదీ, దాని కింద "15 ఎంజీ. మూడో రోజు. తగ్గిపోయింది" అని రాసి ఉంటుంది. "తగ్గిపోయింది" కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ గీతలు గీసిన రోజు నుంచి ఆఖరి మాత్ర వేసుకున్న రోజు దాకా నాలుగేళ్ళ రెండు నెలలు పట్టింది. భుజాలూ తుంటీ నొప్పితో బిగుసుకుపోయే ఈ జబ్బు, పాలీమయాల్జియా రుమాటికా, అని తెలియగానే ఎవరైనా అడిగేది ఒకటే: "ఇది పూర్తిగా తగ్గుతుందా? ఎన్నాళ్ళకి?" నేనూ అదే అడిగాను. డాక్టరు గారు జవాబు చెప్పారు కూడా. నేనే సరిగ్గా వినలేదు.

అప్పటికి నాకు 66 ఏళ్ళు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. రోజూ గంటసేపు నడిచేదాన్ని. బీపీకి ఒక మాత్ర, కొలెస్ట్రాల్‌కి ఒక మాత్ర, అంతే. మొదట కుడి భుజం పట్టేసింది. పడుకోవడంలో తేడా వచ్చిందనుకున్నాను. నాలుగు రోజులకి ఎడమ భుజం కూడా మొదలైంది. ఇంకో వారానికి మెడ, తుంటి, తొడలు.

దాన్ని ఉత్త నొప్పి అంటే సరిపోదు. రాత్రికి రాత్రి ఒంట్లో సిమెంటు పోసి ఆరబెట్టినట్టు ఉండేది. మూడింటికి మెలకువ వచ్చి పక్కకి తిరగాలంటే మంచం అంచు పట్టుకుని లాక్కోవాలి. పొద్దున మా ఆయన వీపు కింద చెయ్యి పెట్టి లేపితే గానీ లేవలేను. జుట్టు దువ్వుకోడానికి చేతులు చెవుల దాకా కూడా లేచేవి కావు, తలనే వంచి దువ్వెన దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. విచిత్రమేమిటంటే పదకొండు దాటేసరికి సగం మనిషినయ్యేదాన్ని, సాయంత్రానికి దాదాపు మామూలుగా తిరిగేదాన్ని. సాయంత్రం పలకరించడానికి వచ్చినవాళ్ళకి నేను నాటకాలాడుతున్నట్టు కనిపించి ఉంటాను. మా ఆయనకే మొదటి వారం ఆ అనుమానం వచ్చిందట. చాలాకాలం తర్వాత ఒప్పుకున్నారు.

జబ్బు పేరు తెలియడానికి పది వారాలు పట్టింది. మొదట చూసినాయన "వయసు కదమ్మా" అని నొప్పి మాత్రలు రాశారు. రెండో ఆయన భుజం బిగుసుకుపోయింది, ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, ఫిజియోథెరపీకి పంపారు. రెండు భుజాలూ ఒకేసారి ఎలా బిగుస్తాయి అని అడిగితే అప్పుడప్పుడు అలా అవుతుందన్నారు. కొలెస్ట్రాల్ మందు వల్ల కూడా కండరాల నొప్పులొస్తాయని ఒక నెల దాన్ని ఆపించి చూశారు. తేడా లేదు. ఈలోపు నాలుగు కిలోలు తగ్గాను, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడేది. అప్పటికి గానీ ఎవరికీ రక్తపరీక్ష చేయించాలని తోచలేదు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే అంకెలు రెండూ బాగా ఎక్కువ: ఈఎస్‌ఆర్ 78, సీఆర్‌పీ 46. ఆ కాగితం పట్టుకుని కీళ్ళ జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ నన్ను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నారు. లేవలేకపోయాను. చేతులు పైకెత్తమన్నారు. భుజం ఎత్తు దగ్గరే ఆగిపోయాయి. ఆ తర్వాత భుజాల సంగతి వదిలేసి తలనొప్పి గురించి అడగడం మొదలుపెట్టారు. కొత్తగా తలనొప్పి వస్తోందా, దువ్వుతుంటే తలమీద చర్మం నొప్పెడుతోందా, నములుతుంటే దవడ పట్టేసి ఆగాల్సి వస్తోందా, చూపు ఒక్క క్షణమైనా మసకబారిందా, రెండేసి కనబడ్డాయా? ఏవీ లేవన్నాను. ఎందుకడిగారో చెప్పారు. ఈ జబ్బున్నవాళ్ళలో నూటికి పది ఇరవై మందికి జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అనే ఇంకో జబ్బు కూడా ఉంటుంది. కణతల దగ్గరి రక్తనాళాలు వాస్తాయి, కంటికి రక్తం అందక చూపు పోవచ్చు, పోయిన చూపు మళ్ళీ రావడం కష్టం. దానికి డోసు కూడా చాలా ఎక్కువ, 40 నుంచి 60 ఎంజీ దాకా ఇస్తారట. "ఈ లక్షణాల్లో ఏది కనబడినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అదే రోజు ఆస్పత్రికి రండి" అన్నారు.

కీళ్ళవాతం ఉందేమో చూసే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ నెగెటివ్. థైరాయిడ్ బాగానే ఉంది. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే మామూలుగానే ఉంది. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవడానికి ఇంకో పరీక్ష. ఈ జబ్బుని పట్టించే పరీక్ష ప్రత్యేకంగా ఏదీ లేదు, మిగతావన్నీ కాదని తేల్చుకున్నాక మిగిలేదే ఇది. జబ్బు పేరుకి అర్థం కూడా "చాలాచోట్ల కండరాల నొప్పి" అనే గానీ, నిజానికి వాపు ఉండేది కండరంలో కాదు, కీళ్ళ చుట్టూ ఉండే నీటి సంచుల్లో, స్నాయువుల తొడుగుల్లో. అల్ట్రాసౌండ్‌లో నా భుజాల దగ్గర ఆ నీరు చూపించారు. 1888లో విలియం బ్రూస్ అనే స్కాట్లండ్ డాక్టరు దీన్ని మొదట వర్ణించారట, ఇప్పుడున్న పేరు మాత్రం 1957లో వచ్చింది. పేరు తప్పు, వైద్యం మాత్రం ఒప్పు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 15 ఎంజీ, పొద్దున్నే ఏదైనా తిన్నాక.

మూడో రోజు పొద్దున మెలకువ వచ్చేసరికి నేను పక్కకి తిరిగి పడుకుని ఉన్నాను. ఎప్పుడు తిరిగానో నాకే తెలీదు. లేచి కూర్చుని రెండు చేతులూ పైకెత్తాను. ఎత్తి అలాగే ఉంచాను. మా ఆయన లేచి, ఎవరికి లొంగిపోతున్నావు అన్నారు. నవ్వాను, ఏడ్చాను కూడా. అప్పుడే ఆ నోటుబుక్కు తీసి "తగ్గిపోయింది" అని రాశాను.

రెండు వారాల తర్వాత వెళ్ళినప్పుడు ఎన్నాళ్ళు వాడాలని అడిగాను. డాక్టరు గారు అన్నది ఇది: "ఏడాదిలో మానేసేవాళ్ళు ఉన్నారు. రెండేళ్ళు అనుకుని మొదలుపెట్టండి. కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది." నేను విన్నది "ఏడాది" ఒక్కటే. ఇంకోటి కూడా చెప్పారు, అదే అసలు మాట. ఈ మందు జబ్బుని పోగొట్టదు. ఒంట్లో మంటని అణిచిపెడుతుందంతే. జబ్బు దానికదే ఎప్పుడో చల్లారిపోతుంది. అది చల్లారేదాకా, సరిపోయినంత తక్కువ మందుతో మనం నెట్టుకురావాలి. క్లాసులో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో, లెక్క చేసేముందు ప్రశ్న పూర్తిగా చదవండర్రా అని.

డోసు తగ్గించడానికి ఒక పద్ధతి ఉంది. 12.5 నుంచి 25 లోపు మొదలుపెట్టి, నెల రెండు నెలల్లో 10కి తెచ్చి, అక్కణ్ణుంచి నాలుగు వారాలకి 1 ఎంజీ చొప్పున దిగడం. నాకు 15, తర్వాత 12.5, ఆ తర్వాత 10. అక్కడిదాకా హాయిగా వచ్చేశాను. 9, 8, 7. ఈఎస్‌ఆర్ 18కి దిగింది. ఈలోపు మందు తన ముద్ర వేయడం మొదలుపెట్టింది. మొహం గుండ్రంగా ఉబ్బింది. రాత్రి రెండింటికి లేచి అలమారాలు సర్దేదాన్ని. ఆకలి అని చెప్పుకోడానికి సిగ్గేసేంత ఆకలి. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ "స్టెరాయిడ్సా? అమ్మో! త్వరగా మానెయ్" అనేవాళ్ళే. మా వదిన అయితే ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. ఆవిణ్ణి తప్పుపట్టను, ప్రేమతోనే అన్నది. కానీ పొద్దున నన్ను మంచం మీంచి లేపినవాళ్ళెవరూ ఆ మాట అనలేదు.

మొత్తానికి ఏడో నెలలో నాకు నేనే డాక్టరునయ్యాను. ఒంట్లో బాగుంది, రిపోర్టు బాగుంది, ఇంకెందుకని 7 నుంచి 5కి, పది రోజులాగి 4కి దిగిపోయాను. ఎవరికీ చెప్పలేదు. మూడో వారంలో ఒకరోజు కారు దిగుతుంటే తొడల్లో అదే బిగుతు. రెండు రోజుల్లో భుజాలు. వారానికి మళ్ళీ మా ఆయన చెయ్యి వీపు కిందకి. సీఆర్‌పీ 31.

డాక్టరు గారు కోప్పడలేదు. నోటుబుక్కు చూపించమని చదివి, "లెక్కల టీచరన్నారు కదా, 7లోంచి 3 తీసేస్తే ఎంత శాతం తీసేసినట్టు?" అని అడిగారు. 43. నెల తిరగకుండా మందు దాదాపు సగానికి తెగ్గోశానన్నమాట. 15 నుంచి 12.5కి దిగితే తగ్గేది ఆరో వంతు. 10 నుంచి 9కి పదో వంతు. 4 నుంచి 3కి నాలుగో వంతు, 2 నుంచి 1కి ఏకంగా సగం. అంకె ఒకటే, మెట్టు ఎత్తు మాత్రం కిందకి దిగేకొద్దీ పెరుగుతుంది. నాకు తోచాల్సిన లెక్క ఇంకొకరు చెప్తే గానీ తెలియలేదు.

తిరగబెట్టినప్పుడు అంతకుముందు బాగున్న డోసుకి వెళ్ళి, అక్కణ్ణుంచి మెల్లిగా దిగాలి. నాకు 7 చాలలేదు, 10 కావాల్సి వచ్చింది. ఆ రోజు చాలా దిగులుపడ్డాను. ఏడు నెలల కష్టం గంగపాలు అనిపించింది. తర్వాత తెలిసింది, తిరగబెట్టడం అనేది ఈ జబ్బులో తప్పూ కాదు, అరుదూ కాదు. అప్పటిదాకా జరిగిన చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ 2022లో వచ్చింది. మొదటి ఏడాదిలోనే నూటికి 43 మందికి తిరగబెట్టిందట. ఏడాది దాటినా 77 మంది ఇంకా స్టెరాయిడ్ మీదే ఉన్నారు, రెండేళ్ళకి 51 మంది, అయిదేళ్ళకి 25 మంది. ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు గుండె జారింది. మళ్ళీ చూస్తే ఇంకోలా కనిపించాయి. అయిదేళ్ళకి నూటికి 75 మంది మందు మానేశారనేగా అర్థం. రెండో లెక్కని పట్టుకునే ఆ ఏడాదంతా గడిపాను.

ఇరవయ్యో నెలలో రెండోసారి తిరగబెట్టింది, ఈసారి నా తప్పేమీ లేకుండా, 6 దగ్గర. అప్పుడు స్టెరాయిడ్ తగ్గించుకోడానికి సాయంగా మెథోట్రెక్సేట్ అనే మందు కలిపారు, వారానికి 10 ఎంజీ, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్. ఇది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. అందుకని మా అమ్మాయి ఆ స్ట్రిప్పు మిగతా మందుల డబ్బాలో పెట్టనివ్వలేదు, దానికి వేరే డబ్బా, మూత మీద "బుధవారం" అని రాసింది. లివర్ పరీక్ష, రక్తకణాల లెక్క చూపించుకుంటూ ఉండాలి. కొత్త ఇంజెక్షన్ల గురించి కూడా అడిగాను. స్టెరాయిడ్ సరిగ్గా పనిచేయనివాళ్ళకీ, తగ్గించలేకపోతున్నవాళ్ళకీ సారిలుమాబ్ అనే మందుని అమెరికాలో 2023లో అనుమతించారు. ఈ జబ్బులో పెరిగే ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం పనిచేయకుండా అది అడ్డుపడుతుంది. మీకు ఇప్పుడే అంతదాకా అక్కర్లేదు, చూద్దాం అన్నారు. చివరికి నాకు అవసరం రాలేదు.

ఈ నాలుగేళ్ళలో జబ్బుని చూసుకోవడం కన్నా మందుని చూసుకోవడమే పెద్ద పనయింది. ఎముకల సాంద్రత మొదట్లోనే డెక్సా స్కాన్‌తో చూపించారు, ఎందుకంటే స్టెరాయిడ్ వల్ల ఎముక పలచబడేది మొదటి నెలల్లోనే ఎక్కువట. నాకు అప్పటికే కొంచెం తక్కువుంది. కాల్షియం, విటమిన్ డి, ఎముక అరగకుండా వారానికొకసారి అలెండ్రొనేట్. ఆ మాత్ర పొద్దున్నే ఖాళీ కడుపున గ్లాసుడు నీళ్ళతో వేసుకుని అరగంట నిటారుగా కూర్చోవాలి, పడుకోకూడదు. లేకపోతే గొంతులో, అన్నవాహికలో పుండు పడుతుంది. షుగర్ లేదని ధీమాగా ఉండేదాన్ని. పరగడుపు రీడింగులన్నీ బాగానే ఉండేవి. పొద్దున వేసుకునే స్టెరాయిడ్ షుగర్‌ని మధ్యాహ్నం తర్వాతే పెంచుతుందని, సాయంత్రం చూసుకోవాలని ఎవరో చెప్పేదాకా తెలీదు. కళ్ళ డాక్టరు ఏడాదికోసారి చూసేవారు. రెండో ఏట శుక్లం మొదలైందన్నారు, ఆపరేషన్ అయింది. చేతుల మీద చర్మం కాగితంలా పలచబడి, తలుపు తగిలినా నల్లగా కమిలేది.

ఒక సాయంత్రం మాత్రం నిజంగా భయపడ్డాను. ఎడమ కణతలో నొప్పి, నములుతుంటే దవడ దగ్గర కూడా. మూడు గంటలు ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను, ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు. చెప్పగానే మా అమ్మాయి కారు తీసింది. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసి, కణత దగ్గర రక్తనాళాన్ని అల్ట్రాసౌండ్‌లో చూశారు. వాపు లేదు. తర్వాత తేలింది, వెనక పన్ను. "పన్నునొప్పికి ఇంత హడావుడి చేశాను, క్షమించండి" అంటే డాక్టరు గారు, "పది సార్లు రండి, పదిసార్లూ పన్నే కావాలని కోరుకుందాం" అన్నారు.

అసలు కష్టం 4 దగ్గర మొదలైంది. నొప్పి లేదు. బిగుతు లేదు. రిపోర్టులు బాగున్నాయి. కానీ మెట్లెక్కి పైకెళ్ళేసరికి కూలబడాలనిపించేది. మధ్యాహ్నానికి దారం తెగిన బొమ్మలా అయిపోయేదాన్ని. గబుక్కున లేస్తే కళ్ళు తిరిగేవి, వికారం. ఇది మూడోసారి తిరగబెట్టడమే అనుకుని డోసు పెంచమని అడగడానికి వెళ్ళాను. ఆవిడ పెంచలేదు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్‌ని తయారుచేస్తాయి. మాత్రల లెక్కలో చెప్పాలంటే అది రోజుకి 5 ఎంజీకి కాస్త అటూఇటూ. బయటి నుంచి అంతకన్నా ఎక్కువ ఏళ్ళ తరబడి వస్తుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. మనం 5 కిందకి దిగామంటే ఇక వాటిని నిద్రలేపుతున్నట్టే. అవి నెలల తరబడి ఆవులిస్తూ లేస్తాయి. పొద్దున్నే, ఆ రోజు మాత్ర వేసుకోకముందు, కార్టిసాల్ పరీక్ష చేశారు. తక్కువే ఉంది. 4 మీదే మూడు నెలలు ఆగమన్నారు. మళ్ళీ పరీక్ష చేస్తే కాస్త పెరిగింది. అప్పుడు 3.5.

ఈ దశలో ఏ బాధ దేనిదో విడదీసుకోవడం నేర్చుకున్నాను. జబ్బు తిరగబెడితే రెండు వైపులా వస్తుంది, పొద్దున ఎక్కువ, కదిలేకొద్దీ తగ్గుతుంది, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది, డోసు దించిన రెండు మూడు వారాలకి మెల్లిగా తల ఎత్తుతుంది. మందు తగ్గించినందుకు ఒళ్ళు పెట్టే పేచీ అలా కాదు, దించిన రెండో మూడో రోజునే మొదలై రెండు వారాల్లో దానికదే సద్దుమణుగుతుంది. అడ్రినల్ నీరసంలో నొప్పికన్నా సత్తువ లేకపోవడమే ఎక్కువ, రోజంతా. స్టెరాయిడ్ వల్లే తొడ కండరాలు బలహీనపడితే నొప్పి ఉండదు, తక్కువ ఎత్తు కుర్చీలోంచి లేవలేం, అంతే. ఇవన్నీ కాక మామూలు ముసలితనం ఒకటుంది. అది ఒక మోకాలిలోనో ఒక భుజంలోనో ఉంటుంది, వాడేకొద్దీ ఎక్కువవుతుంది. ఇవి నా ఒంటిమీద నేను రాసుకున్న గుర్తులు, ఎవరికైనా తేడా వస్తే రక్తపరీక్షా డాక్టరూ ఉండనే ఉన్నారు. నా మటుకు నాకు నోటుబుక్కులో తేదీ పక్కన "రెండువైపులా? పొద్దునా?" అని రెండు మాటలు రాసుకోవడం సగం టెన్షన్ తగ్గించింది.

ఇంకో సంగతి. ఈ గ్రంథులు నిద్రలో ఉన్నంతకాలం మందు ఒక్కసారిగా ఆపకూడదు. పెద్ద జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా ఒంటికి కావాల్సిన అదనపు కార్టిసాల్ ఎక్కణ్ణుంచీ రాదు. జ్వరమొస్తే ఎంత పెంచాలి, ఎన్ని రోజులు, వాంతులైతే ఎప్పుడు ఆస్పత్రికి రావాలి, అన్నీ డాక్టరు గారు ఒక కాగితం మీద రాసిచ్చారు. అది పర్సులో ఉండేది, స్టెరాయిడ్ వాడుతున్నానని చెప్పే కార్డుతో పాటు. శుక్లం ఆపరేషన్‌కి ముందు ఆ కార్డే మొదట చూపించాను.

3 నుంచి సున్నాకి దాదాపు పది నెలలు. అర ఎంజీ చొప్పున దిగాం. అది కూడా ఒక్కసారి కాదు. మొదటి వారం ఒకరోజు కొత్త డోసు, మిగతా రోజులు పాతది. తర్వాత వారం రెండు రోజులు. ఇలా పెంచుకుంటూ పోతే నెలన్నరకి ఒక అర ఎంజీ దిగినట్టు. గోడ మీద క్యాలెండర్‌లో రంగుపెన్సిళ్ళతో గళ్ళు నింపేదాన్ని. మా మనవరాలు చూసి "అమ్మమ్మా, ఇది ఏ ఆట?" అంది. మెథోట్రెక్సేట్‌ని కూడా మధ్యలో తగ్గించి ఆపేశారు. ఫిజియోథెరపీ అమ్మాయి ఆ రోజుల్లో నాకు చేసిన మేలు మరిచిపోలేను. భుజాలకి కాదు, తొడలకి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, రోజుకి మూడుసార్లు, సారికి పది. మొదటిరోజు రెండే చేశాను.

ఆఖరి సగం మాత్ర వేసుకున్న రోజు ఏమీ జరగలేదు. నోటుబుక్కులో "0" అని రాశాను. దాని కింద గీత గీయలేదు.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. బాగానే ఉన్నాను, కానీ జబ్బుకి ముందున్న మనిషిని కాదు. కుడి భుజం పూర్తిగా పైకి లేవదు. అది జబ్బు కాదు, ఇన్నాళ్ళు వాడక బిగుసుకుందన్నారు. నడక గంట కాదు, నలభై నిమిషాలు. మొహం మామూలుగా అయింది, చేతుల మీద చర్మం మాత్రం అలాగే ఉంది. కార్టిసాల్ మామూలు స్థాయికి వచ్చింది. మందు ఆపేశాక కూడా కొందరికి తిరగబెడుతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి సీఆర్‌పీ చూపించుకుంటాను. ఈ జబ్బు కీళ్ళని వంకర చేయదు, ఆయుష్షు తగ్గించదు. ఈ రెండు మాటలూ మొదటి రోజే చెప్పారు, మూడో ఏట గానీ నా బుర్రలోకి ఎక్కలేదు. పొద్దున మెలకువ రాగానే ఇప్పటికీ, కళ్ళు తెరవకముందే, రెండు చేతులూ పైకెత్తి చూసుకుంటాను. మా ఆయన ఏమీ అనరు, అలవాటైపోయింది.

పోయిన నెల మా స్నేహితురాలి అన్నయ్య ఫోన్ చేశారు. 72 ఏళ్ళు. ఆయనకీ ఇదే. ఆరు వారాలు బాధపడ్డాక మందు మొదలుపెట్టారట. "ఏం మందండీ అది! మూడు రోజుల్లో లేచి తిరుగుతున్నాను, పూర్తిగా తగ్గిపోయింది" అన్నారు. ఆ గొంతులో ఉత్సాహం నాకు బాగా తెలుసు. ఎంత డోసు, డెక్సా ఎప్పుడు, సాయంత్రం షుగర్ చూస్తున్నారా, తలనొప్పి సంగతి చెప్పారా అని నేను ఒకటొకటిగా అడుగుతుంటే కాస్త విసుగొచ్చినట్టుంది. ఒక నోటుబుక్కు కొనుక్కోండి అన్నాను.

"ఎందుకండీ, తగ్గిపోయిందిగా!"

"మొదటి పేజీలో అదే రాయండి, తేదీ వేసి" అన్నాను.